తోలుబొమ్మ చేయి, కంప్యూటర్ తెర: తొలి మల్టీమీడియా సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఏమైంది?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మ చేసేటప్పుడు తల, మొండెం, చేతులు, కాళ్లు అన్నీ విడివిడిగా కోస్తారు. రంగులు వేసి, చిల్లులు పొడిచాక కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. ముడి మరీ బిగుసుకుంటే చేయి లేవదు. వదులైతే వేలాడిపోతుంది. ముడి కుదిరిందంటే మాత్రం అదే తోలు ముక్కతో రాముడు విల్లెత్తుతాడు, దణ్ణం పెడతాడు, వేలెత్తి రావణుణ్ణి హెచ్చరిస్తాడు. ఒక చేయికి ఒక ముక్క చాలు.

1985లో అమెరికాలో మాకింటోష్ కంప్యూటర్ కోసం వీడియోవర్క్స్ అనే ప్రోగ్రాం వచ్చింది. మాక్రోమైండ్ అనే కంపెనీ తయారుచేసిన ఈ ప్రోగ్రామే తర్వాత డైరెక్టర్ అనే పేరుతో మల్టీమీడియా ప్రపంచాన్ని ఏలింది. అందులోనూ బొమ్మ ముక్కలను విడివిడిగా పెట్టుకుని, తెర మీద కలిపి ఆడించవచ్చు. కానీ ఒక ముక్కను కీలు దగ్గర పట్టుకుని తిప్పే వీలు 1998లో ఏడో వెర్షన్ వచ్చేదాకా లేదు. చేయి లేపాలంటే కొంచెం లేచిన చేయి, ఇంకొంచెం లేచిన చేయి, పూర్తిగా లేచిన చేయి అని ప్రతి కోణానికీ వేరే బొమ్మ గీయాల్సిందే. నిమ్మలకుంటలో ఒక్క ముడితో అయ్యే పని కోసం కంప్యూటర్ పదమూడేళ్లు ఆగింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. అప్పటి యంత్రాలకు ఉన్న శక్తిలో అది చేసిన పని నిజంగా గొప్పది. ఆ కాలపు మల్టీమీడియా ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు ఏం సాధించాయి, ఎక్కడ ఆగిపోయాయి, అందులో తెలుగు ఎలా ఇరుక్కుపోయింది అన్నవి అర్థం కావాలంటే ఈ చేయి నుంచి మొదలుపెట్టడం మంచిది.

ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా బొమ్మ, మాట, పాట, అక్షరం కలిపి, మౌస్ నొక్కితే స్పందించే పాఠాన్నో ఆటనో తయారుచేసుకోవడానికి ఉపయోగపడే సాఫ్ట్‌వేర్. అంతకుముందు ఇదే పనికి పాస్కల్, సీ లాంటి భాషల్లో వందల లైన్లు రాయాల్సి వచ్చేది. తెర మీద ప్రతి చుక్కా ఎక్కడ పడాలో, మౌస్ ఎక్కడ ఉందో, శబ్దం ఎప్పుడు మొదలవ్వాలో అన్నీ రాసేవాళ్లే చూసుకోవాలి. ఒక సోషల్ టీచర్‌కో, బొమ్మలు వేసే మనిషికో అది అయ్యే పని కాదు. ఈ అడ్డు తొలగించడానికి ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ పట్టుకున్న ఉపాయం ఒకటే. జనానికి ముందే తెలిసిన వస్తువు ఒకదాన్ని అరువు తెచ్చుకోవడం. ఒకటి కార్డుల కట్ట అయింది, ఒకటి పుస్తకం అయింది, ఒకటి నాటకం స్టేజీ అయింది. ఏ వస్తువును ఎంచుకున్నారన్నదే ఆ సాఫ్ట్‌వేర్‌తో ఏం చేయగలం, ఏం చేయలేం అన్నది తేల్చేసింది.

కార్డుల కట్ట ఆపిల్ వాళ్లది. బిల్ అట్కిన్సన్ తయారుచేసిన హైపర్‌కార్డ్ 1987 ఆగస్టులో వచ్చింది, కొత్త మాకింటోష్ కొన్నవాళ్లకు ఉచితంగా ఇచ్చారు. లైబ్రరీలో పుస్తకాల పేర్లు రాసి డ్రాయర్లలో పెట్టే కార్డులు గుర్తుకు తెచ్చుకుంటే చాలు. ఒక్కో తెర ఒక్కో కార్డు, కార్డులన్నీ కలిస్తే స్టాక్. కార్డు మీద బొమ్మ గీయొచ్చు, అక్షరాలకు చోటు పెట్టొచ్చు, బటన్ పెట్టొచ్చు. ఆ బటన్‌కు చెప్పాల్సిన మాట హైపర్‌టాక్ అనే భాషలో ఇంతే ఉండేది:

ఆన్ మౌస్‌అప్
గో టు నెక్స్ట్ కార్డ్
ఎండ్ మౌస్‌అప్

మౌస్ బటన్ నొక్కి వదిలితే తర్వాతి కార్డుకు వెళ్లు అని దీని అర్థం. ఇంగ్లీషు తెలిసిన మనిషి మామూలుగా మాట్లాడినట్టే ఉంటుంది. ప్రోగ్రాం రాస్తున్నామన్న భయం కలగదు. నలుపు తెలుపు తప్ప రంగు లేదు, కార్డు సైజు 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల ఎత్తు. అయినా టీచర్లు, డాక్టర్లు, పిల్లలు కూడా వేల స్టాక్‌లు తయారుచేసుకున్నారు. 1993లో పేరు మోగిన మిస్ట్ అనే గేమ్ మాకింటోష్ మీద హైపర్‌కార్డ్‌తోనే కట్టింది. ఎవరైనా దిద్దగలిగే వికీ అనే ఆలోచనకు కూడా మూలం ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ చేసుకున్న ఒక హైపర్‌కార్డ్ స్టాకే. ఒక్క విషయం మాత్రం అట్కిన్సన్ చేతికి చిక్కలేదు. కార్డు నుంచి కార్డుకు దారి వేసిన ఆయన, ఒక కంప్యూటర్‌లోని కార్డు నుంచి వేరే ఊళ్లోని కంప్యూటర్‌లో ఉన్న కార్డుకు దారి వేయడం గురించి ఆలోచించలేదు. తర్వాతి కాలంలో ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నారు. ఆ దారి వేసిన వెబ్ మిగతా కథంతా నడిపించింది.

అయితే హైపర్‌కార్డ్ గొప్పతనం మన వైపు ఎవరికీ పెద్దగా తెలిసే అవకాశం లేదు. మాకింటోష్ ఖరీదు మన దేశంలో సామాన్యులకు అందేది కాదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో జనం చూసిన కంప్యూటర్ అంటే ముందు డాస్, తర్వాత విండోస్ నడిచే పీసీ. దాని మీద పని ఎక్కువగా డీటీపీ సెంటర్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కొట్టడం.

పీసీ మీద హైపర్‌కార్డ్ స్థానాన్ని కొంతవరకు తీసుకున్నది టూల్‌బుక్. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ ఆలెన్ పెట్టిన అసిమెట్రిక్స్ కంపెనీ దీన్ని 1990లో, విండోస్ 3.0తో పాటే తెచ్చింది. ఇందులో కార్డు బదులు పేజీ, స్టాక్ బదులు పుస్తకం. పరీక్షలు, శిక్షణ పాఠాల కోసం వచ్చిన ఆథర్‌వేర్ దారి వేరు. దాన్ని రూపొందించిన మైఖేల్ ఆలెన్ అంతకుముందు ప్లేటో అనే పెద్ద కంప్యూటర్ బోధన వ్యవస్థ మీద పనిచేసిన మనిషి. అందుకే అందులో ఒక గీత మీద గుర్తులు పేర్చుకుంటూ పోవాలి. ఇక్కడ ప్రశ్న, జవాబు తప్పైతే ఈ పక్కకు, ఒప్పైతే ఆ పక్కకు. పాఠం చెప్పే క్రమం తెలిసినవాళ్లకు ఇది చాలా సులువు. బొమ్మ ఆడించాలనుకునేవాళ్లకు మాత్రం ఆ గీత గొంతు పట్టుకున్నట్టే ఉంటుంది.

బొమ్మ ఆడించాలంటే డైరెక్టరే. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇది అరువు తెచ్చుకున్న వస్తువు మన సీమ జనానికి కొత్తది కాదు. తెర మీద కనిపించే చోటు పేరు స్టేజ్. తెర వెనుక సిద్ధంగా ఉంచుకున్న బొమ్మలు, శబ్దాలు, అక్షరాలు అన్నీ కాస్ట్, అంటే పాత్రధారులు. ఎవరు ఎప్పుడు వచ్చి ఎక్కడ నిలబడాలో రాసి పెట్టిన పెద్ద గళ్ల కాగితం స్కోర్. స్కోర్‌లో అడ్డంగా కాలం నడుస్తుంది, ఒక్కో గడి ఒక్కో క్షణం. నిలువుగా వరసలు, ఒక్కో వరసలో ఒక్కో బొమ్మ. 1994లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఇలాంటి వరసలు 48. అంటే ఒకేసారి తెర మీద 48 ముక్కలు కనిపించవచ్చు.

తోలుబొమ్మలాటలో పెట్టెలో ఉన్న బొమ్మలే కాస్ట్, దీపం ముందు కట్టిన తెల్లపంచే స్టేజ్. స్కోర్ మాత్రం ఏ కాగితం మీదా ఉండదు, ఆడించేవాళ్ల గొంతులో, కాలి కింద తొక్కే చెక్కల దరువులో ఉంటుంది. బంగారక్క, జుట్టు పోలిగాడు వచ్చి ఎంతసేపు నవ్వించాలో ఆ రాత్రి కూర్చున్న జనాన్ని బట్టే తేలుతుంది. డైరెక్టర్‌లో ఈ వెసులుబాటు లింగో అనే భాషతో వచ్చింది. జాన్ థాంప్సన్ రాసిన ఈ భాషలో అందరికీ మొదట నేర్పే మాట, ఉన్న గడి దగ్గరే ఉండు అన్న ఆజ్ఞ. కాలం పరుగెత్తకుండా ఒక గడి దగ్గర ఆగి, చూసేవాళ్లు ఏదో ఒకటి నొక్కేదాకా ఎదురుచూస్తుంది. ఆ ఒక్క ఆజ్ఞతో సినిమా కాస్తా మాటకు మాట చెప్పే వస్తువుగా మారిపోయింది. తోలుబొమ్మలవాళ్లు జనం నవ్వు ఆగేదాకా తర్వాతి పాట ఎత్తుకోకుండా ఆగడం లాంటిదే ఇది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 1994లో అనంతపురంలో ఒక టీచర్ తోలుబొమ్మలాట మీద పిల్లలకు పాఠం తయారుచేయాలనుకున్నారని అనుకుందాం. చేతిలో ఉన్నది అప్పటి మల్టీమీడియా పీసీ ప్రమాణాల్లో మొదటి మెట్టుకు సరిపోయే యంత్రం. అంటే 16 మెగాహెర్ట్జ్ 386ఎస్ఎక్స్ ప్రాసెసర్, 2 ఎంబీ మెమరీ, 30 ఎంబీ హార్డ్ డిస్క్, సెకనుకు 150 కిలోబైట్లు చదివే సీడీ డ్రైవ్. తెర నిండా ఒక బొమ్మ, 640 అడ్డం, 480 నిలువు, 256 రంగుల్లో పెడితే చుక్కకు ఒక బైటు చొప్పున 3,07,200 బైట్లు. సీడీ నుంచి దాన్ని తెర మీదికి తేవడానికే రెండు సెకన్లు పడుతుంది. సీడీ మీద అది ఉన్న చోటు వెతుక్కోవడానికి ఇంకో సెకను దాకా పట్టవచ్చు. పిల్లలు మూడు సెకన్లు నల్లటి తెర చూస్తూ కూర్చోవాలి. ఇక నిజమైన వీడియో ఊసే వద్దు. అదే సైజులో, పూర్తి రంగులతో, సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే సెకనుకు 27 ఎంబీ పైన చదవాలి. ఆ డ్రైవ్ శక్తికి అది 180 రెట్లు ఎక్కువ. 1991 చివర్లో ఆపిల్ క్విక్‌టైం, మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ వీడియో ఫర్ విండోస్ వచ్చినా తపాలా బిళ్ల అంత కిటికీలో గతుకుతూ కదిలే బొమ్మే దక్కింది.

అందుకే ముక్కల పద్ధతి ప్రాణం కాపాడింది. 60 చుక్కల వెడల్పు, 160 చుక్కల ఎత్తు ఉన్న చేయికి 9,600 బైట్లు. తిప్పే వీలు లేదు కాబట్టి ఎనిమిది కోణాల్లో ఎనిమిది చేతులు గీసినా 77 కిలోబైట్లలోపే. వెనుక తెర ఒకసారి తెచ్చుకుంటే చాలు, దాని మీద చేతులే మారుతుంటాయి. ఆ పేద యంత్రంలో రాముడు విల్లెత్తగలిగాడంటే ఈ పొదుపు వల్లే.

రంగుల దగ్గర ఇంకో తంటా ఉంది. తెర మీద ఒకేసారి కనిపించేవి 256 రంగులే, అందులో 20 విండోస్ తనకోసం అట్టిపెట్టుకుంటుంది. మిగిలిన 236తోనే అన్నీ సర్దుకోవాలి. తోలుబొమ్మ ఎరుపుకు, నలుపుకు సరిపడేలా రంగుల పట్టిక ఎంచుకుని, తర్వాతి తెరలో లేపాక్షి కప్పు మీది వర్ణచిత్రం ఫొటో పెడితే పట్టిక మారిపోతుంది. మారే ఆ క్షణంలో రాముడి ముఖం పచ్చగానో ఊదాగానో మెరిసి మాయమవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు మధ్యలో ఒక నల్ల తెర పెట్టి దీన్ని దాటేసేవాళ్లు. మల్టీమీడియా పని నేర్చుకోవడం అంటే చాలావరకు ఇలాంటి ఉపాయాలు నేర్చుకోవడమే.

ఇంతదాకా చెప్పుకున్న కష్టాలు ఏ దేశం వాళ్లకైనా ఒకటే. తెలుగువాళ్లకు మాత్రమే వచ్చిన కష్టం అక్షరం దగ్గర మొదలైంది.

కర్నూలు అన్న మాటనే తీసుకుందాం. క, ర, హలంతం, న, ఊకారం, ల, ఉకారం. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడిన ఇస్కీ పద్ధతిలో దీన్ని దాచడానికి ఏడు బైట్లు చాలు. పలికే క్రమంలోనే రాసుకుంటుంది కాబట్టి వెతికితే దొరుకుతుంది, అకారాది క్రమంలో పేర్చవచ్చు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు పీసీలో బిగిస్తే డాస్ మీద నడిచే అక్షరాల ప్రోగ్రాముల్లో ఇలా తెలుగు కొట్టుకోవచ్చు. కానీ డైరెక్టర్, టూల్‌బుక్ లాంటివి తమ తెరను తామే గీసుకునే గ్రాఫిక్ ప్రోగ్రాములు. వాటి దగ్గర ఆ కార్డు పప్పులు ఉడకవు.

మిగిలిన దారి డీటీపీ సెంటర్లలో నడుస్తున్న అను లాంటి ఫాంట్లు. ఇవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చిన ఫాంట్లు. అక్కడ ఉన్న స్థానాలు మొత్తం 256, తెలుగుకు కావాల్సిన గుణింతాలు, వత్తులు అంతకంటే చాలా ఎక్కువ. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తోలుబొమ్మలాగే అక్షరం కూడా కీళ్ల దగ్గర విడిపోయింది. కర్నూలులోని న వత్తు ఒక స్థానంలో ఉంటే మామూలు న ఇంకో స్థానంలో ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ రెంటికీ సంబంధం ఉందని తెలియదు. దాని దృష్టిలో అక్కడున్నది తెలుగే కాదు, ఏవో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరస.

కాగితం మీద అచ్చు వేసేవాళ్లకు దీనితో పేచీ లేదు. పెళ్లి కార్డు అచ్చయ్యాక లోపల ఏ కోడ్ ఉందో ఎవరికి కావాలి? కానీ మల్టీమీడియా పాఠం వేరే ఊళ్లో, వేరే కంప్యూటర్ మీద తెరుచుకోవాలి. అక్కడ ఆ ఫాంటు లేకపోతే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు గీతలు కనిపిస్తాయి. కదిరిలో చేసిన పాఠం గుత్తిలో తెరిస్తే చదవరాదన్నమాట. ఈ టెన్షన్ లేకుండా ఉండాలంటే ఒకటే దారి. తెలుగు మాటను బొమ్మగా మార్చేయడం. ఫాంటుతో కొట్టి, దాన్ని చుక్కల బొమ్మగా భద్రం చేసి, ఆ బొమ్మను కాస్ట్‌లో పెట్టుకోవడం.

అప్పుడు ఏడు బైట్ల కర్నూలు 200 చుక్కల వెడల్పు, 50 చుక్కల ఎత్తుతో 10,000 బైట్ల బొమ్మ అవుతుంది. సైజు గొడవ అలా ఉంచితే, ఒక దీర్ఘం తప్పిపోయిందని తర్వాత తెలిస్తే అక్షరం దిద్దడం కుదరదు. బొమ్మ మళ్లీ చేయాలి. పాఠంలో వెతుకులాట పెట్టలేం. పిల్లలను తెలుగులో జవాబు టైప్ చేయమనలేం, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకదాన్ని నొక్కమనాలి. ఇంగ్లీషులో చేసిన పాఠం విద్యార్థితో మాట కలపగలిగింది, తెలుగు పాఠం బోర్డు మీద రాసి చూపించగలిగింది. ఆ సాఫ్ట్‌వేర్ల గొప్పతనమంతా స్పందించడంలో ఉంది, తెలుగుకు అందులో సగమే దక్కింది. చాలామంది దీన్ని ఫాంట్ల సమస్య అనుకుని వదిలేశారు. నిజానికి ఇది తెలుగు పిల్లలకు ఎలాంటి పాఠం అందుతుందో తేల్చిన సమస్య.

శబ్దం దగ్గర మాత్రం తెలుగు ఎవరికీ తీసిపోలేదు. మైకుకు లిపి అక్కర్లేదు. శబ్దాన్ని సెకనుకు 22 వేల సార్లు కొలిచి, ఒక్కో కొలతకు ఒక బైటు చొప్పున రికార్డు చేస్తే ఒక ఫ్లాపీలో 67 సెకన్ల పాట పడుతుంది, ఒక పద్యం దాని రాగంతో సహా. అదే 650 ఎంబీ సీడీలో ఎనిమిదిన్నర గంటలు. రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగే ఒక తోలుబొమ్మలాట మొత్తం, హార్మోనియం, చెక్కల దరువు, మధ్యలో జనం కేకలతో సహా, ఒక్క సీడీలో ఇమిడిపోతుంది. సీమ యాస అక్షరాల్లో ఎంత ఇబ్బంది పడినా శబ్దంలో ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. ఆ రోజుల్లో తెలుగు మల్టీమీడియాకు ఉన్న అసలు బలం ఇదే.

తర్వాతి మలుపులు త్వరగా వచ్చాయి. మాక్రోమైండ్ రెండు విలీనాల తర్వాత 1992లో మాక్రోమీడియా అయింది, ఆథర్‌వేర్ కూడా అందులోకే చేరింది. 1996 చివర్లో అదే కంపెనీ ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న ప్రోగ్రాంను కొని ఫ్లాష్ అని పేరు పెట్టింది. ఫ్లాష్ చుక్కల బదులు గీతలతో బొమ్మ గీస్తుంది, ఫాంటు ఆకారాలను ఫైలులోనే కలిపేసుకుంటుంది. దాంతో తెలుగు అక్షరాలు ఏ కంప్యూటర్‌లోనైనా చక్కగా కనిపించాయి. లోపల మాత్రం అదే అర్థం లేని కోడ్. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగు యూనికోడ్‌ను (తెలుగు అక్షరానికి దాని సొంత కోడ్ ఇచ్చే పద్ధతి), గౌతమి ఫాంటును తెచ్చేసరికి సీడీ మల్టీమీడియా వెలుగు తగ్గడం మొదలైంది, జనం వెబ్ వైపు మళ్లారు. తెలుగు అక్షరం అక్షరంగా కంప్యూటర్‌లోకి వచ్చేసరికి ఆ తలుపు మూతపడుతోంది. హైపర్‌కార్డ్ అమ్మకం 2004లో, డైరెక్టర్ అమ్మకం 2017లో ఆగిపోయాయి. ఫ్లాష్‌కు 2020 డిసెంబర్ 31 ఆఖరి రోజు.

ఇప్పుడు ఆ సీడీల సంగతి ఏమిటి? 64 బిట్ విండోస్ పాత 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. సీడీ మీద గీత పడకపోయినా, రికార్డు చేసిన సీడీల్లోని రంగు పొర కాలం గడిచేకొద్దీ పాడవుతుంది. ఇంగ్లండ్‌లో బీబీసీ 1986లో దేశం మొత్తం వివరాలు, ఫొటోలు లేజర్‌డిస్కుల మీద కూర్చింది. 1086 నాటి సర్వే పుస్తకానికి 900 ఏళ్లు నిండిన సందర్భం అది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరక్క నానా తిప్పలు పడ్డారు. 1086 నాటి పుస్తకం మాత్రం ఇప్పటికీ చదువుకోవచ్చు.

కడపకు ఈ విషయంలో ఒక పాత అనుభవం ఉంది. 19వ శతాబ్దంలో సీపీ బ్రౌన్ అక్కడి తన బంగళాలో పండితులను పెట్టుకుని, తాటాకు గ్రంథాలను కాగితం మీదికి ఎత్తి రాయించారు, ప్రతులు పక్కపక్కన పెట్టి తప్పులు సరిచూయించారు. ఆకులు శిథిలం కాకముందే వేరే దాని మీదికి ఎక్కించడం వల్లే చాలా కావ్యాలు మనకు మిగిలాయి. ఇప్పుడు ఆ బంగళా చోటులోనే ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. సీడీల విషయంలోనూ చేయాల్సింది ఎత్తి రాయడమే. ముందు సీడీ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా కాపీ చేసుకోవాలి. తర్వాత కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో పాత విండోస్ పెట్టి తెరవాలి. డైరెక్టర్‌తో చేసిన కొన్ని ఆటలను స్కమ్‌వీఎం, ఫ్లాష్ ఫైళ్లను రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాములు ఇప్పటికే నడుపుతున్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో హైపర్‌కార్డ్ స్టాక్‌లు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. అను ఫాంట్లతో కొట్టినదాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. బొమ్మగా మారిన తెలుగు మాటలను కూడా బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి అక్షరాలుగా రాబట్టే అవకాశం ఉంది.

సీడీ కంటే విలువైనది ఇంకొకటి ఉంది, తయారుచేసినవాళ్ల దగ్గర మిగిలిన మూల ఫైలు. సీడీలోకి ఎక్కించేటప్పుడు చాలామంది ఎవరూ దిద్దకుండా తాళం వేసిన రూపాన్నే పెట్టేవాళ్లు. పాత హార్డ్ డిస్క్‌లోనో, బీరువా మూలన ఉన్న ఫ్లాపీల కట్టలోనో దిద్దడానికి వీలున్న అసలు ఫైలు దొరికితే, దాని కాస్ట్ కిటికీలో అన్నీ దేనికది విడిగా కనిపిస్తాయి. ఎనిమిది కోణాల్లో గీసిన చేయి, నిడివి ఎక్కువైందని కోయక ముందటి పాట, వాడకుండా వదిలేసిన ఒక బంగారక్క బొమ్మ. ఒక్కొక్కటీ విడిగా బయటికి తీసుకోవచ్చు. ఆ ఎనిమిది చేతుల్లో ఒకటి చాలు. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో దాన్ని భుజం దగ్గర పట్టుకుని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు.